కంతు కట్టే ముందు కుండలో చీటీలు

శిడ్లఘట్ట, చింతామణి వైపైనా, హోసూరు, బేరికె వైపైనా ఇప్పుడు మన రేష్మ రైతుల నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే. ఆకు మిగులుతోంది, షెడ్డు చాలట్లేదు, అప్పు చేసి పెంచుదామా, వద్దా?

ఈ ప్రశ్నకి మనలో చాలామంది జవాబు చాకీ బిల్లు వెనక రాసుకుంటారు. వంద గుడ్లకి ఇన్ని కిలోలు, కిలో ఇంత, ఖర్చు ఇంత, మిగిలేది ఇంత, కంతు ఇంత. మిగిలేది కంతు కన్నా ఎక్కువుంటే కట్టేద్దాం అంటాం. లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ లెక్కలో ఉండేది సగటు పంట. మన ఇంటికి సగటు పంట ఎప్పుడైనా వచ్చిందా? ఒకసారి 78 కిలోలు దిగుతుంది, ఒకసారి నాలుగో జ్వరం లేచినాక పాలరోగం తగిలి తట్టలన్నీ గుంతలో పోయాల్సి వస్తుంది. రెండూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె కాగితం మీద బాగుంటుంది. కంతు తేదీ మాత్రం సగటు చూసి రాదు.

పెద్ద కంపెనీల వాళ్ళు ఫ్యాక్టరీ పెంచే ముందు, కొత్త సరుకు దింపే ముందు చేసే పని ఒకటుంది. దాన్ని సిమ్యులేషన్ అంటారు. అంటే జరగబోయేదాన్ని ముందే ఉత్తుత్తిగా, ఒకసారి కాదు, వందలసార్లు ఆడి చూడటం. దానికి కంప్యూటర్లు వాడతారు. మనకి ఒక మట్టి కుండ, పన్నెండు చీటీలు, ఒక సాయంత్రం చాలు.

ఒక రైతుకి ఎకరా వీ-1 తోట, బోరు నీళ్ళు, ఏడాదికి ఐదు పంటలు అనుకుందాం. ఇప్పటి షెడ్డులో 150 గుడ్లు పడతాయి. పెంచితే 250 పెట్టొచ్చు. పాత 150 గుడ్ల ఆదాయం ఇంటి ఖర్చుకి, పిల్లల ఫీజులకి పోతుంది, దాన్ని ముట్టుకోవద్దు. కొత్త షెడ్డు అప్పు కొత్తగా పెట్టే 100 గుడ్లే తీర్చాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మొత్తం 250 గుడ్ల ఆదాయం చూపించి అప్పు తేలిగ్గా తీరుతుందంటారు. పాత గుడ్ల డబ్బు ఇప్పటికే ఎక్కడికి పోతోందో ఇంట్లో ఆడవాళ్ళని అడిగితే చెప్తారు.

ఆ 100 గుడ్లకి చాకీ, కూలీ, మందులు, చంద్రికల బాడుగ, మార్కెట్టుకి వ్యాను, అన్నీ కలిపి పంటకి 13,000 రూపాయలు ఖర్చు. షెడ్డు అప్పుకి పంట పంటకీ పక్కన తీసిపెట్టాల్సిన కంతు ఇంకో 13,000. అంటే 26,000 పైన వచ్చేదే మిగులు. ఈ అంకెలు వరస అర్థం కావడానికి మాత్రమే. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి.

ఇప్పుడు పద్దు పుస్తకం తీయాలి. వెనకటి పన్నెండు పంటల్లో వంద గుడ్లకి ఎన్ని కిలోలు దిగాయి, ఆ రోజు వేలంలో కిలో ఎంతకి పోయింది. ఈ రెండూ ఒకే చీటీ మీద రాయాలి. మన ఉదాహరణ రైతు పద్దు ఇట్లా ఉంది: 74 కిలోలు 520 రూపాయలకి, 70 కిలోలు 480కి, 66 కిలోలు 560కి, 38 కిలోలు 590కి, 78 కిలోలు 450కి, 71 కిలోలు 510కి, 12 కిలోలు 540కి, 68 కిలోలు 430కి, 75 కిలోలు 600కి, 62 కిలోలు 550కి, 45 కిలోలు 400కి, 73 కిలోలు 490కి.

మొదట చాకీ బిల్లు వెనక లెక్క చూద్దాం. పన్నెండు పంటల సగటు 61 కిలోలు, సగటు రేటు 510. గుణిస్తే 31,110. అందులో 26,000 తీసేస్తే పంటకి 5,000 పైనే మిగులు, ఏడాదికి పాతిక వేలు. ఈ కాగితం చూసిన ఎవరైనా షెడ్డు కట్టేయమంటారు.

ఇప్పుడు చీటీల లెక్క. మొదటి చీటీ 74 కిలోలు, 520 రూపాయలు. గుణిస్తే 38,480. ఖర్చు, కంతు కలిపి 26,000 తీస్తే 12,480 మిగులు. చీటీ వెనక ‘12 మిగులు’ అని వేలల్లో రాసుకుందాం. ఏడో చీటీ 12 కిలోలు, 540 రూపాయలు. వచ్చింది 6,480 మాత్రమే, 19,520 తక్కువ. దాని వెనక ‘20 లోటు’. ఇట్లా పన్నెండూ రాస్తే వరసగా 12 మిగులు, 8 మిగులు, 11 మిగులు, 4 లోటు, 9 మిగులు, 10 మిగులు, 20 లోటు, 3 మిగులు, 19 మిగులు, 8 మిగులు, 8 లోటు, 10 మిగులు.

చీటీలు మడిచి కుండలో వేయండి. బాగా కలిపి ఒకటి తీయండి, అంకె రాసుకోండి, చీటీ మళ్ళీ కుండలోనే వేయండి. వేయకపోతే లెక్క చెడుతుంది, ఎందుకంటే పాడు పంట ఒకసారి వచ్చిందని మళ్ళీ రాదనే హామీ మనకెవరూ ఇవ్వలేదు. ఇట్లా ఐదుసార్లు తీస్తే ఒక ఏడాది గడిచినట్టు. ప్రతి చీటీ తర్వాతా చేతిలో ఎంత ఉందో కూడిక చేసుకుంటూ పోవాలి. (మన ఊళ్ళలో చీటీ అంటే చీటీ పాట గుర్తొస్తుంది. ఇందులో ఎవరూ పాడుకోవద్దు, ఎవరూ పారిపోరు కూడా.)

ఇంకొక్క నియమం పెట్టుకోవాలి. ఈ రైతు దగ్గర ఆపదకి దాచుకున్నది 15,000 అనుకుందాం. లోటు అంతవరకు పోతే ఓర్చుకోగలడు. అది దాటితే వడ్డీకిచ్చేవాళ్ళ గడప తొక్కాలి, లేదంటే ఆడవాళ్ళ మెడలోది తీయాలి. కాబట్టి ఏడాది చివర ఎంత మిగిలిందనేది ఒక్కటే చూస్తే చాలదు, నడుమ ఎప్పుడైనా లోటు 15 దాటిందా అనేది కూడా చూడాలి. ఈ మొత్తం ఆటలో నేను అన్నిటికన్నా ముఖ్యమైనది అనుకునేది ఇదే.

ఎందుకో చూడండి. ఒక ఏడాది చీటీలు ఈ వరసలో వచ్చాయనుకోండి: 4 లోటు, 8 లోటు, 9 మిగులు, 20 లోటు, 19 మిగులు. కూడిక చేస్తూ పోతే మొదటి పంటకి 4 లోటు, రెండో పంటకి 12 లోటు, మూడో పంటకి కాస్త తేరుకుని 3 లోటు, నాలుగో పంటకి 23 లోటు, ఐదో పంటకి మళ్ళీ 4 లోటు. ఏడాది చివర చూసేవాళ్ళకి ‘నాలుగు వేలేగా, పోనీలే’ అనిపిస్తుంది. కానీ నాలుగో పంట అప్పుడు ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

ఇవే ఐదు చీటీలు ఇంకో వరసలో రానివ్వండి: 19 మిగులు, 9 మిగులు, 4 లోటు, 8 లోటు, 20 లోటు. చేతిలో వరసగా 19, 28, 24, 16 మిగులు, చివర 4 లోటు. ఏడాది చివర అంకె అదే నాలుగు వేల లోటు. కానీ ఈ ఏడాది ఎవరి గడపా తొక్కాల్సిన పని లేదు. పంటలు అవే, ధరలు అవే, వచ్చిన వరస ఒక్కటే వేరు. సగటు లెక్కకి ఈ వరస కంటికి కనబడదు. అప్పు లేని రైతుకి వరసతో పెద్దగా పనిలేదు, మంచి చెడ్డా కలిసి సర్దుకుంటాయి. అప్పున్న రైతుని మాత్రం వరసే నిలబెడుతుంది, వరసే పడగొడుతుంది.

ఒక ఏడాది తీస్తే ఏం తెలియదు. ఇరవై ఏళ్ళు తీస్తే కొంత తెలుస్తుంది. ఇంట్లో పిల్లలు కాలేజీకి పోతుంటే వాళ్ళని అడగండి, ఫోన్‌లో లెక్కల షీట్ ఉంటుంది, అందులో చీటీ తీసినట్టు ఏదో ఒక అంకె దానంతటదే వచ్చే ఫార్ములా ఉంటుంది. దాంతో వెయ్యి ఏళ్ళు కూడా టీ తాగేలోపు ఆడేయొచ్చు. మన ఉదాహరణ చీటీలతో చాలాసార్లు ఆడితే తేలేది ఇది: దాదాపు ఆరు ఏళ్ళలో ఒక ఏడాది, ఎక్కడో ఒక పంట దగ్గర, లోటు 15,000 దాటుతుంది. ఏడాదికి పాతిక వేలు మిగులు అన్న కాగితం ఈ మాట చెప్పలేదు.

దీని అర్థం షెడ్డు కట్టొద్దని కాదు. కుండ అసలు ఉపయోగపడేది ఇక్కడినుంచే, మన షరతులు మార్చి మార్చి ఆడి చూడొచ్చు. బ్యాంకులో మాట్లాడి గడువు పెంచుకుని కంతు 13,000 బదులు 9,000 చేసుకున్నారనుకోండి. అన్ని చీటీల్లోనూ నాలుగు వేలు మెరుగవుతుంది. అయినా మునిగే ఏళ్ళు తొమ్మిదింట ఒకటి దగ్గరే ఆగుతాయి. ఎందుకంటే ఆ పాడు పంట చీటీ ఇప్పుడు కూడా 16 లోటు, ఏడాది మొదట్లోనే తగిలితే మన 15,000 చాలదు. సరే, కంతు పాత 13,000 లాగే ఉంచి, దాచుకున్నది 15,000 బదులు 25,000 ఉంటే? మునిగే ఏళ్ళు ఇరవైకి ఒకటి దగ్గరికి దిగిపోతాయి. గడువు పెంచితే వడ్డీ కూడా పెరుగుతుంది, చేతిలో ఉన్న పది వేలకి వడ్డీ కట్టక్కర్లేదు. కాబట్టి ఈ రైతు రెండు మంచి పంటల డబ్బు పక్కన పెట్టుకుని, ఆ తర్వాత పునాది తవ్వడం మేలు అని నా ఉద్దేశం. మీ చీటీలు వేరే మాట చెప్పొచ్చు.

ఈ ఆట పుట్టిన కథ కూడా చెప్పుకోవాలి. 1946లో అమెరికాలో స్టానిస్లా ఉలమ్ అనే గణితశాస్త్రవేత్త పెద్ద జబ్బు చేసి కోలుకుంటూ, పొద్దుపోక ఒక్కడే పేకముక్కలు పేర్చుకునే ఆట ఆడేవాడు. ఆట పూర్తయ్యే అవకాశం ఎంత అని లెక్కతో తేల్చబోయాడు. లెక్క తెగలేదు. వంద సార్లు ఆడి, ఎన్నిసార్లు పూర్తయిందో లెక్కపెట్టుకుంటే పోలా అనిపించింది. ఆ ఆలోచన ఆయన స్నేహితుడు జాన్ వాన్ న్యూమన్‌కి చేరింది. అణుబాంబు పనిలో న్యూట్రాన్లు ఎటు పోతాయో చూడటానికి అప్పటి పెద్ద కంప్యూటర్ ఎనియాక్ మీద దాన్నే ఆడించారు. దానికి మాంటే కార్లో అని పేరు. మొనాకోలో జూదానికి పేరుపడిన చోటు అది. జూదం కోసం అక్కడికి పోవాలని చుట్టాల దగ్గర అప్పులు చేసే బంధువు ఒకాయన ఉలమ్‌కి ఉండేవాడట, ఆ పేరు రావడానికి ఆయనే కారణమని వాళ్ళతో పనిచేసిన మెట్రోపొలిస్ రాశాడు. అప్పు చేసినవాడి పేరు మీద పుట్టిన లెక్క, అప్పు చేయబోయే మనకి పనికొస్తోంది.

కుండ అబద్ధం చెప్పకుండా ఉండాలంటే కొన్ని జాగ్రత్తలు పడాలి.

కిలోలు, రేటు ఒకే చీటీ మీద ఎందుకు రాయమన్నానంటే, అవి రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. చుట్టుపక్కలంతా ఎండకో వానకో పంటలు పోతే మార్కెట్టుకి లాట్లు తక్కువ వస్తాయి, రీలర్లు పోటీపడతారు, రేటు లేస్తుంది. పై పద్దులో 38 కిలోల పంటకి 590 వచ్చింది, అట్లాంటిదే. అందరికీ బాగా పండిన నెలలో రేటు దిగుతుంది. కిలోలకి ఒక కుండ, రేటుకి ఒక కుండ పెడితే ఈ జంట విడిపోతుంది, ఎప్పుడూ జరగని పంటలు కుండలోంచి పుడతాయి.

పాలరోగం విషయం వేరే. అది ఒక పంటతో పోదు. ఆ వైరస్ షెడ్డు గోడల్లో, తట్టల సందుల్లో, నేల మీద దుమ్ములో చాలా కాలం బతికే ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్ 2 శాతం, సున్నం 0.3 శాతం కలిపిన నీళ్ళతో షెడ్డంతా తడిసేలా కడగకపోతే తర్వాతి పంటకి కాచుకుని కూర్చుంటుంది. అందుకే 20 లోటు చీటీ వచ్చినప్పుడు తర్వాతి పంటకి ఒక చీటీ బదులు రెండు తీసి, వాటిలో చెడ్డదే రాసుకోండి. శుభ్రంగా కడిగేవాళ్ళకి ఈ నియమం అక్కర్లేదు అనొచ్చు. నేనైతే పెట్టుకుంటాను. పక్కింటి షెడ్డు మనం కడగలేం కదా.

ఎండాకాలం పంటలకి వేరే కుండ పెడితే ఇంకా మంచిది. కోలారు వైపు బోర్ల సంగతి తెలిసిందే. ఐదో దశలో పురుగు మొత్తం ఆకులో 80 శాతం పైన తింటుంది, సరిగ్గా ఆ వారంలో బోరు ఆగితే 150 గుడ్లకి ఎట్లాగో సర్దుకోవచ్చు, 250 గుడ్లకి కుదరదు. ఇంకో సంగతి, పద్దులో ఉన్న పంటలన్నీ 150 గుడ్ల షెడ్డులో పండినవి. 250 పెడితే మేత వేసే చేతులు అవే ఉంటే అదే 70 కిలోలు దిగుతాయన్న నమ్మకం లేదు. చేతులు పెంచకుండా గుడ్లు మాత్రం పెంచేవాళ్ళు ప్రతి చీటీలోనూ ఐదారు కిలోలు తగ్గించి రాసుకుని ఆడండి. నా మాట విని తగ్గించిన వాళ్ళెవరూ సంతోషంగా ఉండరు, తెలుసు.

అన్నిటికన్నా కష్టమైనది, పద్దులో లేని పంట. మన పుస్తకం వెనక్కి పోయేది రెండు మూడేళ్ళు. అందులో లేనివి కూడా జరుగుతాయి. 2011లో కేంద్ర బడ్జెట్ ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించింది. చైనా పట్టు చవగ్గా దిగితే మన గూళ్ళ రేటు ఏమవుతుందో అప్పుడు గూళ్ళు అమ్మినవాళ్ళకి బాగా గుర్తు. 2013 బడ్జెట్టులో దాన్ని మళ్ళీ 15 శాతం చేశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, చంద్రికల మీద గూళ్ళు ఉండగానే దారులు మూతపడ్డాయి. అంతకుముందు పన్నెండు పంటల చీటీలతో ఆడినవాళ్ళెవరికీ ఈ చీటీ కుండలో కనబడి ఉండదు. ఇట్లాంటిది ఎప్పుడొస్తుందో ఏ కంప్యూటరూ చెప్పదు. అయినా ఒక నల్ల చీటీ వేసుకోవచ్చు. దాని మీద రెండు పంటలు వరసగా సగం రేటుకే పోయినట్టు రాసుకోండి. పన్నెండింటిలో ఒకటిగా వేస్తే మరీ ఎక్కువ అవుతుంది. మాములు చీటీలు మూడు నకళ్ళు వేసి, అన్నిటి నడుమ ఒక్క నల్ల చీటీ ఉంచితే సరిపోతుందని నాకనిపిస్తుంది, ఇది ఎవరి ధైర్యం వాళ్ళది. ఆ చీటీ వచ్చిన ఏళ్ళలో మీ ఇల్లు నిలబడుతుందా లేదా అన్నది చూసి, అప్పు ఎంతవరకు అనేది తేల్చుకోండి.

షెడ్డు సబ్సిడీ నమ్ముకుని కట్టేవాళ్ళు ఇంకో చిన్న డబ్బా పెట్టుకోండి. అందులో మూడు చీటీలు, ఆరు నెలలకి వచ్చింది, ఏడాదికి వచ్చింది, ఏడాదిన్నరకి వచ్చింది. ఆట మొదలుపెట్టే ముందు దాంట్లోంచి ఒకటి తీయండి. సబ్సిడీ చేతికొచ్చేదాకా పెద్ద కంతు, వచ్చినాక చిన్న కంతు వేసి ఆడండి. మొత్తం ఎంత వస్తుందనే దానికన్నా ఎప్పుడు వస్తుందనేది ఎంత తేడా తెస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ కుండ షెడ్డుకే కాదు. బైవోల్టిన్ నుంచి కోలార్ గోల్డ్‌కి మారాలా, గూళ్ళు శిడ్లఘట్టలో వేయాలా, వ్యాను బాడుగ పెట్టుకుని రామనగరం పోవాలా, తమిళనాడు వైపు వాళ్ళయితే ధర్మపురికా, ఇట్లాంటివి కూడా రెండు కుండలు పక్కపక్కన పెట్టి ఆడొచ్చు. ఒక కుండలో ఈ మార్కెట్ చీటీలు, ఇంకో దాంట్లో ఆ మార్కెట్ చీటీలు, బాడుగ ముందే తీసేసి. రెండు కుండల సగటు ఒకటే ఉన్నా, ఒకదాంట్లో అంకెలు మరీ ఎగిసిపడుతుంటే అప్పున్నవాళ్ళు నిలకడగా ఉన్న కుండ వైపు పోవడం మంచిది. అప్పు లేనివాళ్ళు ఎటైనా పోవచ్చు.

పద్దు రాయలేదు, ఇప్పుడెట్లా అని కొందరు అడుగుతారు. ఇంట్లో రెండు రకాల కాగితాలు వెతకండి. చాకీ కేంద్రం బిల్లు మీద తేదీ, గుడ్ల లెక్క ఉంటాయి. మార్కెట్లో తూకం వేసినప్పుడు ఇచ్చిన కాగితం మీద కిలోలు, రేటు ఉంటాయి. గుడ్లు పెట్టిన తేదీకి, గూళ్ళు అమ్మిన తేదీకి నడుమ నెల లోపే కాబట్టి ఏ బిల్లుకి ఏ తూకమో జత కుదిరిపోతుంది. కిలోలని గుడ్ల లెక్కతో భాగించి వందతో గుణిస్తే ఒక చీటీ తయారు. పూర్తిగా పోయి మార్కెట్టుకే తీసుకెళ్ళని పంటకి తూకం కాగితం ఉండదు. బిల్లుకి జత దొరకలేదంటే అదే ఆ పంట, దానికి సున్నా కిలోలు అని రాసి తప్పకుండా కుండలో వేయండి.